పదకొండు మంది పిల్లల ఫీజు

బోర్డులు రాసే ఆయన్ని వీధిలో అందరూ బ్రష్షు అనే పిలిచేవారు. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి చూడడని చెప్పుకునేవారు. పాతికేళ్ళుగా చేసిన పనల్లా దుకాణాల మీద అక్షరాలు రాయడం, ఆ అక్షరాల పక్కన దుకాణం పెట్టిన పెద్దాయన బొమ్మ వేయడం. పెద్దాయన అంటే దాదాపు ఎప్పుడూ పోయిన పెద్దాయనే. బట్టతల, బరువైన కనురెప్పలు, అరువు అడిగితే ఇవ్వనన్నట్టు బిగించిన పెదవులు. కళ్ళు మూసుకుని కూడా ఆ ముఖాన్ని వేసేయగలడు. కంప్యూటర్లో ముద్రించే బ్యానర్లు వచ్చాక ఆ పెద్దాయనల రాక కూడా తగ్గిపోయింది.

ఆయన భార్య ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని పాత బట్టలు సరిచేసేది. వీధిలో ఎవరికి నెల తప్పినా ముందు ఆమెకే తెలిసేది. నడుము దగ్గర రెండు వేళ్ళ వెడల్పు వదలమని బట్టలు తెచ్చేవారు మరి. తొమ్మిదేళ్ళుగా ఆమె ఊరందరి నడుములూ వదులు చేస్తూనే ఉంది. ముప్ఫై తొమ్మిది నిండిన రోజున మిషను మూత పెట్టి, “ఇవాళ ఆసుపత్రికి వెళదాం పదండి” అంది. ఆయన లేచి చొక్కా మార్చుకున్నాడు.

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి ముప్పావుగంట చెప్పింది. పది రోజుల సూదులు, తర్వాత అండాలు తీయడం, బయట కలపడం, మళ్ళీ లోపల పెట్టడం. అవుతుందని మాట ఇవ్వలేనంది. ఆలస్యం చేస్తే మాత్రం అవ్వదని మాట ఇవ్వగలనంది. వచ్చే నెలసరి రెండో రోజున మొదటి సూది పడాలి. బయటికొచ్చాక కౌంటర్ దగ్గరున్న కళ్ళజోడు మనిషి ఒక కాగితం ఇచ్చాడు. అందులో ఉన్న అంకె, ఇద్దరూ ఏడాదిన్నర పాటు తినకుండా, లైటు వేసుకోకుండా సంపాదిస్తే వచ్చేంత.

“సూదులు ఇందులోనేనా, విడిగానా?” అంది ఆమె.

“అన్నీ కలిపేనమ్మా.”

“ఏమన్నా తగ్గుతుందా?”

“ఇదేమన్నా కూరగాయల బండా అమ్మా,” అన్నాడతను. విసుగేమీ లేదు. రోజుకు పదిసార్లు అనే మాట అది.

ముందు ఆమె అన్నయ్య దగ్గరికి వెళ్ళారు. ఆయనకు టైర్ల దుకాణం ఉంది. అంతా విని, టైరు మీద చెయ్యేసి ఆలోచించాడు.

“పిల్లల్లేకపోతే హాయి బావా. నన్ను చూడు, ముగ్గురు. నేను నిద్రపోయి ఆరేళ్ళయింది.”

“అప్పుగానే అడుగుతున్నాం బావా.”

“అప్పు సంగతి వదిలెయ్. శని ఆదివారాలు మా చిన్నవాణ్ణి మీ ఇంటికి పంపిస్తా. ఉచితంగా. ఒక నెల వాడి చూడండి. అప్పటికీ పిల్లలు కావాలంటే అప్పుడు మాట్లాడదాం.”

“వాడి చూడ్డానికి వాడేమన్నా టైరా అన్నయ్యా,” అంది చెల్లెలు. అంతటితో ఆ మాట ముగిసింది.

ఇంకెక్కడా డబ్బు పుట్టక, ఈ వైద్యం వద్దని చెప్పి, చేయించుకున్న పరీక్షల కాగితాలు తెచ్చుకుందామని మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళారు. కొత్తగా కట్టిన హాల్లో కూర్చోమన్నారు. గోడలన్నీ తెల్లగా ఉన్నాయి. బ్రష్షు ఊరుకోలేక గోరుతో గోడ గీకి చూశాడు. అటుగా వెళుతున్న డాక్టరమ్మ ఆగింది.

“ఏం చేస్తున్నారు?”

“ఈ గోడకి ఇంకో పూత పడాలండీ. దీనిమీద ఏ బొమ్మ వేసినా ఆర్నెల్లకి పెచ్చులూడుతుంది.”

డాక్టరమ్మ ఆయన్ని కిందినుంచి పైదాకా చూసి, పనేమిటో అడిగింది. నిలబడిన చోటే ఒప్పందం అయిపోయింది. హాల్లో జంట కుర్చీలు పదకొండున్నాయి. ప్రతి జంటకీ ఎదురుగా గోడ మీద ఒక బిడ్డ ఉండాలి, నవ్వుతూ. పదకొండు మంది పూర్తయితే ఒక విడత వైద్యం, మందులతో సహా. మొత్తం పిల్లలు ముట్టాకే మొదటి సూది.

ఇంటికి నడుస్తూ ఆమె వేళ్ళు లెక్కపెట్టింది. ఇరవై రెండు రోజులున్నాయి.

“రెండు రోజులకి ఒకడు. అవుతుందా?”

“పెద్దాయన్నయితే పూటకొకణ్ణి వేస్తాను. ఇది అందులో సగమైనా లేదు కదా,” అన్నాడు.

ముఖం చిన్నదైతే పని చిన్నదవుతుందని ఆయన మనస్ఫూర్తిగా నమ్మాడు. నిచ్చెన వేసుకుని, కేలండరులోంచి చింపిన పసివాడి ఫొటో గోడకు అతికించి మొదలుపెట్టాడు. బట్టతల బాగా వచ్చింది. బుగ్గలూ వచ్చాయి. రెండో రోజు సాయంత్రం కిందికి దిగి దూరంగా నిలబడి చూస్తే, గోడ మీద పాల సీసా పట్టుకుని, అరువు లేదని చెప్పడానికి సిద్ధంగా ఉన్న అరవయ్యేళ్ళ మనిషి కనిపించాడు.

ఫొటో వంక చూశాడు. తన చేతి వంక చూశాడు. రెండోవాడు ఇంకా ముదిరిపోయాడు. మూడోవాడు మెడలో పాలగుడ్డతో ఏదో తాకట్టు దస్తావేజు చదివినవాడిలా కనుబొమలు ముడిచాడు. నాలుగోవాణ్ణి చూడ్డానికి వచ్చిన భార్య నిచ్చెన దాకా వెళ్ళి ఆగింది.

“మా అన్నయ్యని ఎందుకు వేశారు?”

“కావాలని వెయ్యలేదు.”

“గిలక్కాయ కూడా పెట్టారు చేతిలో.”

పోనీ నవ్విద్దామని పెదవుల కొసలు పైకి లాగి చూశాడు. అలా చేస్తే వాళ్ళు నాసిరకం సరుకు ఇప్పుడే ఎవరికో అంటగట్టి సంతోషిస్తున్నట్టు తయారయ్యారు. హాల్లో కూర్చునే జంటలు గుసగుసలాడడం మొదలుపెట్టారు. ఒకావిడ కుర్చీ మార్చుకుంది. ఇంకో మనిషి లేచి వెళ్ళి, పోయినసారి బాకీ ఉన్నది తనంతట తానే కట్టేసి వచ్చాడు.

ఏడోవాడు పూర్తయిన రోజు డాక్టరమ్మ వచ్చింది. వరసగా అందరినీ చూసింది.

“వీళ్ళు నన్నెందుకలా చూస్తున్నారు?”

“పసివాళ్ళండీ,” అన్నాడు బ్రష్షు.

“ఇలాంటివాళ్ళని పుట్టిస్తానని నేనెవరికీ చెప్పలేనయ్యా. అన్నీ చెరిపేసి మళ్ళీ వెయ్యండి.”

కౌంటరు దగ్గరి కళ్ళజోడు మనిషి చిన్నగా దగ్గాడు. “మేడమ్, చెరిపించకండి. ఈ వారం ఒక్కళ్ళు కూడా బేరమాడలేదు. వాయిదా అడగబోయినవాళ్ళు వీళ్ళని చూసి డబ్బు తీసేస్తున్నారు.”

డాక్టరమ్మ మళ్ళీ చూసింది, ఈసారి కొంచెం గౌరవంగా. “ఈ ఏడుగురూ ఉండనివ్వండి. మిగతా నలుగురూ మాత్రం పిల్లల్లా ఉండాలి. లేకపోతే ఒప్పందం లేదు,” అని వెళ్ళిపోయింది.

ఇక ఎనిమిది రోజులే ఉన్నాయి. ఆ రాత్రి బ్రష్షుకి అన్నం సయించలేదు. తన చేతికి ముసలితనం తప్ప ఇంకేదీ రాదని, లోకంలోకి ఒక పసివాణ్ణి తెచ్చే అర్హత ఆ చేతికి లేదేమోనని, పైకి అనలేని ఆలోచన ఒకటి పట్టుకుంది. భార్య మిషను దగ్గర కూర్చుని ఎవరి బట్టకో జేబు విప్పుతోంది.

“ముఖం కుదరనప్పుడు ముఖం జోలికే ఎందుకెళతారు?” అంది, తల ఎత్తకుండానే. “ముందు వైపు పాడైన బట్టని నేను వెనక్కి తిప్పి కుట్టేస్తాను. వెనకనుంచి వెయ్యండి.”

మర్నాడు ఎనిమిదోవాణ్ణి వెనకనుంచి వేశాడు. పాకుతున్న పసివాడు. మెడ మీద మడత, రెండు అరికాళ్ళు, గుండ్రటి పిరుదులు. దూరంగా నిలబడి చూస్తే అచ్చంగా పసివాడే. ఆయన నిచ్చెన మెట్టు మీద కూర్చుండిపోయాడు. అదే ఊపులో తొమ్మిదోవాణ్ణీ వేసేశాడు. అప్పుడు వచ్చింది డాక్టరమ్మ.

“బాగున్నారు. కానీ ఎక్కడికి పోతున్నారు వీళ్ళు?”

ఇద్దరూ వీధి తలుపు వైపు పాకుతున్నారు. ఆ మాట వినగానే హాల్లో ఉన్న జంటలన్నీ తలుపు వంక చూశాయి. ఒకామె కళ్ళు తుడుచుకుంది. బ్రష్షు తెల్లరంగు డబ్బా తెరిచాడు. ఇద్దరినీ చెరిపి, సూదులు వేసే గది వైపు తిప్పి మళ్ళీ వేసేసరికి మొత్తం నాలుగు రోజులు పోయాయి.

నెలసరి రెండు రోజులు ముందే వచ్చింది. రెండో రోజు పొద్దున్నే ఇద్దరూ ఆసుపత్రికి వచ్చేసరికి గోడ మీద తొమ్మిది మందే ఉన్నారు. మిగిలిన ఇద్దరూ సుద్దముక్కతో గీసిన గీతలు. కళ్ళజోడు మనిషి కౌంటరు వెనకనుంచి లేచి, వేలు పెట్టి చూపిస్తూ లెక్కపెట్టాడు.

“తొమ్మిది. మొత్తం ముట్టాకే సూది అన్నారు కదండీ.”

“రంగు వెయ్యడమే మిగిలింది. ఎల్లుండికి అయిపోతుంది,” అన్నాడు బ్రష్షు.

“ఎల్లుండికి నాకు నాలుగో రోజు,” అంది ఆమె. కౌంటరు అంచు పట్టుకుంది. “ఈ నెల పోతే ఇంకో నెల కదా అనకండి. నా దగ్గర అన్ని నెలల్లేవు.”

అతనికీ జాలిగానే ఉంది. కానీ గీతల్ని పిల్లలుగా ఎలా రాసుకోవాలో అతనికి తెలియలేదు. డాక్టరమ్మని పిలిచాడు. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి, గోడ దగ్గర నిలబడి, సుద్ద గీతల్ని దగ్గరగా చూసింది.

“నేను స్కాన్‌లో చూపించేది ఇంతకన్నా చాలా తక్కువ ఉంటుందయ్యా. ఒక చుక్క. దానికే ఊరంతా ఫోన్లు చేసుకుంటారు. వీళ్ళకి కాళ్ళు కూడా ఉన్నాయి. రాసుకో.”

కంప్యూటర్లో నగదు, కార్డు అని తప్ప ఇంకో గడి లేదు. అందుకని అతను చిత్తుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి, చేత్తోనే రాసి, ముద్ర వేసి ఆమెకిచ్చాడు. ‘పదకొండు మంది పిల్లలు ముట్టారు’ అని ఉంది.

ఆమె రెండుసార్లు చదువుకుంది.

“పదకొండు మందినిచ్చి ఒక్కళ్ళని అడుగుతున్నాం,” అంది మెల్లగా. “అదీ ఖాయం లేదంటున్నారు.”

“అందులో ఒకడు మీ అన్నయ్య,” అన్నాడాయన. “లాభమే.”

ఆమె నవ్విందో లేదో తెలిసేలోపే సిస్టర్ లోపలికి పిలిచింది. తలుపు మూసుకుంది. ఆయన నిచ్చెన ఎక్కి పదోవాడికి రంగు మొదలుపెట్టాడు. గులాబీ రంగు కలపడానికి ఎప్పుడూ లేనంత సేపు పట్టింది. అరికాలు సగం అయ్యేసరికి ఆమె పొత్తికడుపు మీద దూది అదుముకుంటూ బయటికొచ్చింది.

“నొప్పిగా ఉందా?”

“చీమ కుట్టినట్టుంది, అంతే. రేపట్నించి ఇంట్లో మీరే వెయ్యాలట. ఎలాగో సిస్టర్ నేర్పిస్తానంది, లోపలికి రమ్మంటోంది. చెయ్యి మాత్రం వణకకూడదట.”

“మూడంతస్తుల మీద వేలాడుతూ రాసినవాణ్ణి. నా చెయ్యి వణకదు,” అన్నాడు.

చేతిలోని బ్రష్షు కొసనుంచి గులాబీ చుక్కలు నేల మీద పడుతున్నాయి. ఇద్దరూ కాసేపు ఆ చేతి వంకే చూశారు. తర్వాత ఆమె బ్రష్షు అందుకుని డబ్బాలో పెట్టి, ఆయన చెయ్యి పట్టుకుని కిందికి దింపి లోపలికి తీసుకెళ్ళింది.