సుధామణి టీము మారుతుందంట!

వల్లూరులో సోలారు పలకలు కడిగే ట్రాక్టరు నడుపుతుంది సుధామణి. కార్ల రేసులంటే ప్రాణం. ఏ డ్రైవరు ఏ టీముకు మారతాడోనన్న పుకార్లు ఫోనులో చదువుకుని, పొద్దుటి వెలుగులో చెరువులా మెరిసే పలకల మధ్య కలలో తేలినట్టు పోతుంటుంది. ఇప్పుడు పుకారు ఆమె మీదే పుట్టింది. పక్క కాంట్రాక్టరు కొత్త ట్రాక్టరిస్తానని పిలిచాడు మరి.

"ఏమ్మే, నువ్వు గూడా టీము మారతాండావంటనే?" అంది పైపు పట్టుకుని వెంట నడిచే కెంచమ్మ.

సుధామణి నవ్వింది. సగం వరసలో ఎప్పటిలాగే బండి నెమ్మది చేసి, పక్కకు తిప్పి, మళ్లీ దారిలో పెట్టింది. అక్కడ నేల చదునుగానే ఉంది. ఈ పలకలు రాకముందు మాత్రం అక్కడ వాళ్ల వేరుశనగ చేనికి గెనిమ, అదే గట్టు, ఉండేది.

"నేను పోతే, ఈ బండెక్కేటోడు మా గెనిమ తొక్కేస్తాడు గదక్కా!"