చెలిమె మనల ముంచది

తడి ఇసుక వాసన ఇప్పుడు మానేరు ఒడ్డున రాదు. ఇల్లు కట్టుకునేవాళ్లు గుమ్మం ముందు పోయించిన కుప్ప మీద పైపుతో నీళ్లు కొడితే వస్తుంది. మొన్న ఆదివారం పొద్దున సిరిసిల్ల కరకట్ట మీద నడకకు అమ్మను తీసుకుపోతుంటే, గల్లీ మలుపులో ఆ వాసన తగిలి నా కాళ్లు ఆగిపోయాయి. షుగరుకు నడవమని డాక్టరు గట్టిగా చెప్పబట్టి వచ్చింది గానీ, పాతికేళ్లుగా అమ్మ ఆ ఏటి వైపు తొంగి కూడా చూడలేదు. ఆమెకు చెప్పాల్సిన మాట ఒకటి అన్నేళ్లుగా నా దగ్గరుంది. దాన్ని ఏటి ఒడ్డునే చెప్పేద్దామని, దారి పొడుగునా నోట్లో నానబెట్టుకుంటూ నడిచాను.

మా చిన్నప్పుడు మానేరంటే నీళ్లు కాదు, ఇసుక. వానాకాలం నాలుగు రోజులు ఎర్రగా ఉరికి, సద్దుల బతుకమ్మ నాటికి మోకాలి లోతుకు దిగి, తంగేడు పూలను మెల్లగా మోసుకుపోయేది. ఆడవాళ్లు ఒడ్డున కూర్చుని నువ్వుల సద్ది, పల్లి సద్ది, రొట్టె, బెల్లం కలిపి నలిపిన మలీద ముద్దలు ఒకరికొకరు పెట్టుకునేవాళ్లు. మా చెల్లె రజిత మాత్రం మలీద తప్ప ఏదీ ముట్టక, బెల్లం అంటిన వేళ్లను ఇల్లు చేరేదాకా నాకుతూనే ఉండేది. ఎండాకాలం వచ్చిందంటే ఆ చివరి నుంచి ఈ చివరిదాకా ఇసుకే. అందులోనే దోసపాదులు, అందులోనే మా పిట్టగూళ్లు, మరమగ్గాల మీద, అదే మా సాంచాల మీద, పని దిగివచ్చిన బాపు కునుకు కూడా అందులోనే.

తాగడానికి చెలిమెలు తోడుకునేవాళ్లం. మా నాయనమ్మ, మాకు బాపమ్మ, కుచ్చిళ్లు ఎగ్గట్టి ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులతో గుంత తీసేది. మొదట ఊరిన బురదనీళ్లు పారబోసేది, రెండోసారివీ పారబోసేది, మూడోసారి కొబ్బరిచిప్పతో ముంచి మా నోట్లో పోసేది. ఆ చల్లదనం ఏ ఫ్రిజ్జుకూ రాదు. అందరూ అనే మాటే అయినా నిజం. రజితకు ఆ గుంతంటే భయం.

"భయమెందుకే పిల్లా? చెలిమె మనల ముంచది. మనమే దాన్ల ముంచుకోవాలె" అని బాపమ్మ బోసినోటితో నవ్వేది. ఏటి ఒడ్డు పిల్లలందరికీ అదే పాఠం. ఇసుకలో తేటనీళ్లు కనిపిస్తే అది చెలిమె, చెలిమె మోకాలు దాటదు.

నాకు పదేళ్లు, రజితకు ఏడేళ్లు ఉన్న ఎండాకాలం ఏట్లోకి లారీలు దిగాయి. ఇసుక ఎత్తిన చోటల్లా గోతులు పడి, అడుగు నుంచి నీరూరి, పొద్దుటికల్లా తేటపడేవి. ఒకరోజు అమ్మ బీడీల ఆకు కత్తిరిస్తూ, లేవడానికి తీరిక లేక బిందె ఇచ్చి మా ఇద్దరినీ పంపింది. మా చెలిమెలో నీళ్లు అడుగంటాయి. ఊరేదాకా నేను పాదం మీద ఇసుక మెత్తి పిట్టగూడు కడుతున్నాను.

"అక్కా, గాడ మస్తు నీళ్లున్నయే" అంది రజిత.

"గది పెద్ద చెలిమె. పో, ముంచుకో" అన్నాను, తల ఎత్తకుండానే. గూడు కూలకుండా కాలు బయటికి తీసి చూసేసరికి, నీళ్ల మీద బిందె ఒక్కటే తిరుగుతోంది.

"అది నీకు జెప్పి పోయిందా బిడ్డా?" అని అమ్మ ఆ సాయంత్రం అడిగింది.

"లే. నేను సూడలే" అన్నాను.

ఇప్పుడు కరకట్ట మీద రంగు రంగుల టైల్సు, స్టీలు కడ్డీలు, కూర్చోవడానికి బల్లలు. దిగువన ప్రాజెక్టు కట్టాక నీళ్లు ఇక్కడిదాకా నిలిచిపోయాయి. రోజూ అక్కడ నడిచేవాళ్లంతా ఒక బృందం, వాళ్లకు ముందు నడిచే రిటైర్డు సారు మైకులో, "ఎన్కట గీ మానేరు ఎండకాలమొస్తే ఎండుతుండె. ఇప్పుడు సూడుండ్రి, నిండుకుండ!" అన్నాడు. అందరూ ఫోన్లు తీశారు. దోసపాదులు లేవు, చెలిమెలు లేవు, ఆ మాట తెలిసిన పిల్లలే లేరు. రజిత పోయిన చోటు ఏదో నాకే తెలియడం లేదు.

"ఎక్కడ?" అంది అమ్మ.

"గాడ" అని నీళ్ల వైపు ఉత్తగా చెయ్యి ఊపాను.

అమ్మ కొంగుముడి విప్పింది. అందులో మలీద ముద్ద. ఎప్పుడు చేసిందో నాకు తెలియదు. కడ్డీల మీదుగా వంగి దాన్ని నీళ్లలోకి వదిలింది.

"అమ్మా, గా దినం..." అన్నాను.

"తెలుసు బిడ్డా. నేనే తోలిన. నా పొల్లను నేనే సంపుకున్న" అంది అమ్మ. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మీ బాపు అన్నడు, మీ బాపమ్మ అన్నది, వాడకట్టంత అన్నరు. నువ్వొక్కదానివే నన్ను ఒక్క మాట అనకపోతివి."

సారు ఫొటోకు పిలిచాడు. అమ్మ నా చెయ్యి వదలకుండానే వచ్చి నిలబడింది. దారి పొడుగునా నానబెట్టిన మాటను మింగి, నేను ఫోను వైపు చూశాను.