కుడికి మాత్రమే తిరిగిన జీపు

ఆ రోజుల్లో పాలిటెక్నిక్ డిప్లొమా చేతికొచ్చిన కుర్రాడికి కంటబడిన ప్రతి యంత్రంలోనూ ఏదో ఒక లోపం కనిపించేది. నాకు మరీ ఎక్కువగా కనిపించేది. ఇంటికి వస్తూ బోధన్ బస్టాండులో దిగేసరికే ఆ బస్సు గేరుబాక్సును మనసులో రెండుసార్లు విప్పి బిగించాను. చెరకు తోటల మధ్య ఉండే మా మేనమామ ఊళ్ళో పంపుసెట్టు నుంచి బెల్లం గానుగ దాకా అన్నింటికీ సలహాలు చెప్పాను. (ఎవరూ అడగలేదు. ఎవరూ పాటించలేదు కూడా.) మామ ఒక్కడే నా మాటలు శ్రద్ధగా వినేవాడు. నా చిన్నతనంలోనే బాపు పోతే, తన అక్కను, అంటే మా అవ్వను, నన్నూ తన ఇంటికి తెచ్చుకుని నాకు చదువు చెప్పించింది ఆయనే. తాను చెప్పించిన చదువు కనుక అది గొప్పదే అయి ఉంటుందని ఆయన నమ్మకం. నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి "మా డిప్లొమా" అనడం మొదలుపెట్టాడు.

మామకు ఒక జీపు ఉండేది. మిలిటరీవాళ్ళు వాడినంత కాలం వాడి వేలంలో వదిలించుకున్న బండి అది. స్టీరింగు ఎడమ పక్కన ఉండేది. పొట్టిగా ముద్దుగా, కోపమొచ్చిన పొట్టేలులా ఉండేది. తారు రోడ్డు మీద బాగానే పోయేది గానీ, నిజాంసాగర్ కాలువ నీళ్ళు వదిలాక మా నల్లరేగడిలో దిగిందంటే దాని చిన్న పెట్రోలు ఇంజను నాలుగుసార్లు దగ్గి ఊరుకునేది. అలా ఒకరోజు చెరకు తోట పక్కన ఇరుసు దాకా కూరుకుపోతే రెండు జతల ఎడ్లను కట్టి లాగించాల్సి వచ్చింది. సరిగ్గా అప్పుడే, గుంటూరు వైపు నుంచి వచ్చి కాలువ కింద పొలాలు కొనుక్కున్న మా పక్క చేను రైతు అటుగా వచ్చి, కాసేపు నిలబడి చూసి, ఎంతో మర్యాదగా, "ఏవండీ పటేలుగారూ, జీపుకి ఎడ్లు కట్టారా, ఎడ్లకి జీపు కట్టారా అండీ?" అని అడిగాడు. మామ ఆ మధ్యాహ్నం అన్నం సగంలో వదిలేశాడు.

"ఏమిర డిప్లొమా, దీనికి మందు లేదా?" అన్నాడు చెయ్యి కడుక్కుంటూ.

"ఇంజన్ చిన్నగున్నది మామా. పెద్దది ఏస్తే అయిపాయె," అన్నాను. ఇంజను మార్చడమంటే లాంతరుకు వత్తి మార్చడమన్నంత తేలిగ్గా అన్నాను.

పెద్ద ఇంజను ఎక్కడుందో కూడా నాకు తెలుసు. కాలువలో బోర్లా పడ్డ ఒక లారీని బోధన్‌లో మాకు తెలిసిన మెకానిక్కు ఉస్తాద్ విడి భాగాలుగా విప్పి తన రేకుల షెడ్డులో పెట్టుకున్నాడు. దాని డీజిలు ఇంజను నాపరాళ్ళ మీద దున్నపోతులా పడుకుని ఉండేది. ఉస్తాద్‌ది తక్కువ మాట. నా మాటంతా విని బీడీ ఆర్పేసి, "బాబూ, గిది లారీ దిల్. గా జీపు ఛాతి సిన్నది. పట్టది," అన్నాడు. నేను నోటుపుస్తకం తీసి పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ చూపించాను. చంటిపిల్లవాడు గీసిన ఏనుగు బొమ్మను చూసినట్టు దాన్ని ఆప్యాయంగా చూసి, "సదువుకున్నోనివి, చెయ్యమంటే చేస్త. తర్వాత నన్ను అడగొద్దు," అన్నాడు. నా కొలతల్లో ఒక్క తప్పు కూడా లేదని ఇప్పటికీ చెప్పగలను. చక్రాలు తిన్నగా ఉండి, కదలకుండా నిలబడి ఉన్న జీపుకు అవి అక్షరాలా సరిపోయే కొలతలు.

పది రోజులు పట్టింది. రేడియేటరును జానెడు ముందుకు జరిపాం. బానెట్ మూతపడకపోతే దానికి రంధ్రం కోశాం. అందులోంచి గాలి ఫిల్టరు నెత్తి మీద చెంబు బోర్లించినట్టు పైకి లేచింది. బరువుకు ముందు భాగం కిందికి కుంగితే లారీ కమాను పట్టీలు రెండు కలిపాం. జీపు బ్యాటరీకి ఆ ఇంజనును తిప్పే శక్తి లేదు కాబట్టి, స్టార్టు చేయాలంటే ఆరుగురు కలిసి పల్లంలోకి తొయ్యాలి. (దీన్ని నేను లోపంగా లెక్కపెట్టలేదు. మనుషులకు మా ఊళ్ళో కొరత లేదు.) మొదటిసారి తోసినప్పుడు అది ఒక్క క్షణం ఆలోచించి, తర్వాత అలాంటి ఇలాంటి మోత కాదు, షెడ్డు రేకులన్నీ ఎగిరెగిరి పడేంత మోత చేసింది. పక్కనున్న హోటల్లో చాయ్ గ్లాసులు బల్ల మీద నడవడం మొదలుపెట్టాయి. నాకు నవ్వు ఆగలేదు. మామ అయితే చిన్న పిల్లవాడిలా సీటు మీద ఎగురుతూ స్టీరింగు పట్టుకుని తిన్నగా పొలాలకు పోనిచ్చాడు. ఆ బురదలోనే పక్క చేను రైతు చెరకు బండి దిగబడి ఉంది. గొలుసు కట్టి లాగితే చెరకుతో సహా బండి, దానితో పాటు ఎడ్లు, వాటి వెనక పరుగెత్తుకుంటూ ఆ రైతు, అందరూ ఒకేసారి గట్టెక్కారు. "ఇది జీపు కాదండి బాబూ, ఏనుగండి," అన్నాడాయన తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ. మామ ఆ సంతోషంలో చేను చుట్టూ మూడు చుట్లు కొట్టాడు. మూడూ కుడివైపే కొట్టాడని అప్పుడు ఎవరికీ తట్టలేదు.

సాయంత్రం ఇంటి సందులోకి ఎడమకు తిప్పబోతే స్టీరింగు కటక్‌మని ఆగింది. జీపు తిన్నగా పోయి పొరుగువాళ్ళ గడ్డివాములో మూతి పెట్టింది. కబురు పెడితే ఉస్తాద్ వచ్చి కిందికి దూరి చూసి, "స్టీరింగు రాడ్ పోయి ఇంజన్ పొట్టకు తాకుతున్నది. కుడికి ఎంత కావాల్నంటే గంత తిర్గుతది. ఎడమకు జరంత," అన్నాడు. బాగుచేయాలంటే ఇంజను మళ్ళీ దించాలి, నాలుగు రోజుల పని. మర్నాడు పొద్దున నిజామాబాదులో నా పెళ్ళిచూపులు. పైగా, పిల్లవాడు స్వయంగా ఇంజను బిగించిన జీపులో వస్తున్నామని మామ పిల్ల తరఫువాళ్ళకు ఘనంగా కబురంపి ఉన్నాడు.

"బస్సుల పోదాం తమ్మీ," అంది అవ్వ.

"చెప్పినంక బస్సులెట్ల పోతం అక్కా? నిజామాబాదు సడక్ సీదనే గదా," అన్నాడు మామ. నేను కూడా ఊరుకోక, "మూడుసార్లు కుడికి తిర్గితే ఒక్కసారి ఎడమకు తిర్గినట్టే మామా," అని లెక్క చెప్పాను.

సడక్ నిజంగానే సీదాగా ఉంది. చిన్న చిన్న మలుపులకు ఎడమకు తిరిగే ఆ జరంత సరిపోయింది. నేను నడుపుతున్నాను, పక్కన మామ జరీ అంచు తలపాగాతో, వెనక అవ్వ ఒళ్ళో పళ్ళూ పూలూ పెట్టిన పళ్ళెంతో. మేము వస్తున్నామని మైలు దూరం ముందే తెలిసేది కాబట్టి ఎదురొచ్చే బండ్లన్నీ పక్కకు తప్పుకున్నాయి. నా జన్మలో అంత దర్జాగా ఎప్పుడూ ప్రయాణం చేయలేదు. నిజామాబాదులో గంజ్ మార్కెట్టు వెనక ఇరుకు గల్లీలోకి కుడికే తిరిగాం. పసుపు కాలం కావడంతో గల్లీ అంతా పచ్చటి దుమ్ము, బస్తాల బండ్లు. పిల్ల తరఫువాళ్ళు పసుపు పండించే రైతులు, అమ్మకాల కోసం పట్నంలో ఇల్లు కట్టుకున్నారు. గేటు ముందు పిల్ల తండ్రి, ఆయన వెనక పదిమంది చుట్టాలు నిలబడి ఉన్నారు. ఆ గేటు ఎడమచేతి పక్కన ఉంది.

ఆపుదామంటే వెనక బండ్లు. ఆపి ఇంజను ఆగిపోతే తోసేందుకు పల్లం లేదు. మామ ఎంతో హుందాగా నమస్కారం పెట్టాడు, పిల్ల తండ్రి నమస్కారం పెట్టాడు, మేము వాళ్ళ ముందు నుంచి వెళ్ళిపోయాం. కుడి, కుడి, కుడి, మళ్ళీ కుడి. రెండోసారి వచ్చేసరికి ఆయన గల్లీలోకి దిగి నిలబడ్డాడు. "గిదే ఇల్లు, గిదే," అని చెయ్యి చూపించాడు. "ఎరుకే బావా, వస్తున్నం," అని మామ మళ్ళీ నమస్కారం పెట్టాడు. మేము మళ్ళీ వెళ్ళిపోయాం. "ఆన్నే ఉండున్రి," అని అవ్వ వెనక నుంచి వాళ్ళకు ధైర్యం చెప్పింది. (ఎదురు దిక్కు నుంచి వస్తే ఇల్లు కుడిచేతికి వస్తుంది కదా అని నాకు తట్టకపోలేదు. అటు తిరిగి రావడానికి దారి లేదు, రైలు పట్టాలు ఉన్నాయి.) మూడో చుట్టుకు గల్లీ మొత్తం అరుగుల మీదికి వచ్చింది. హమాలీలు బస్తాలు దించి మరీ చూస్తున్నారు.

అప్పుడు మిద్దె మీది నుంచి ఒక గొంతు వినిపించింది. తలెత్తి చూస్తే పట్టుచీర, జడలో పూలు. పెళ్ళికూతురు అప్పుడే కనిపించకూడదు, మాట్లాడటం అసలే కూడదు. ఆమె పిట్టగోడ మీదికి వంగి, నవ్వు ఆపుకుంటూ, "ఎడమకు తిర్గుతలేదా?" అని అడిగింది. తిరగడం లేదని తలాడించాను. "జర ముందటికి పోయి ఆపున్రి. పయ్యలు కుడికే మొత్తం తిప్పి, ఎనుకకు గా గోదాంలకు పోనియ్యున్రి. మూతి సక్కగ మా గేటుకు వస్తది. లారీలు గట్లనే వస్తయి, రోజూ సూస్త."

వాళ్ళ గేటుకు సరిగ్గా ఎదురుగా, నా కుడిచేతి పక్కన, పసుపు గోదాము తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. మూడు చుట్లలోనూ నేను వాటిని చూశాను. హమాలీలు బస్తాలు జరిపారు, నేను చక్రాలు పూర్తిగా కుడికి తిప్పి వెనక్కి పోనిచ్చాను, జీపు మూతి బుద్ధిగా తిరిగి గేటు ఎదుట నిలబడింది. తిన్నగా లోపలికి పోయాం. మూడేళ్ళ డిప్లొమా చదువు గోదాములోనే ఉండిపోయినట్టు అనిపించింది.

ఇంజను ఆపితే మళ్ళీ ఎలా అని దాన్ని వాకిట్లో నడుస్తూనే ఉంచి పెళ్ళిచూపులకు కూర్చున్నాం. గోడ మీది పటాలు వణుకుతున్నాయి. పేరేమిటని మామ అరిచాడు, పిల్ల అరిచి చెప్పింది, వంట వచ్చా అని అవ్వ అరిస్తే, గంటేమిటని పిల్ల మేనత్త అరిచింది. చివరికి, పిల్ల ఏమైనా అడగాలనుకుంటే అడగమన్నారు. ఆమె గొంతెత్తింది. సరిగ్గా అప్పుడే పిల్ల తండ్రి సైగ చేస్తే ఎవరో వెళ్ళి ఇంజను ఆపేశారు. ఆ నిశ్శబ్దంలో ఆమె ప్రశ్న గల్లీ చివరి దాకా వినిపించింది: "బిగించేటప్పుడు పయ్యలు తిప్పి సూడలేదా?"

మామ నా వైపు చూశాడు. అప్పటిదాకా తప్పు జీపుదే అనుకుంటున్నాడాయన. రాడ్ పొడవు గురించీ, మిలిటరీవాళ్ళ పనితనం గురించీ చెప్పడానికి నాలుగైదు మంచి వాక్యాలు నాలుక చివరి దాకా వచ్చాయి. ఆమె కళ్ళు చూశాక ఒక్కటీ బయటికి రాలేదు.

"లేదు," అన్నాను. "మర్చిపోయిన."

మామ తలపాగా సర్దుకుని, "మావోడు ఇంజన్ల తప్పు చేస్తడు గాని, మాటల చెయ్యడు," అన్నాడు. పిల్ల తండ్రి పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. "ఇప్పటిదాంక పిల్లను సూడ ముగ్గురచ్చిండ్రు. ఒక్కడు గూడ మర్చిపోయిన అనలేదు," అన్నాడు. ఆమె లోపలికి వెళ్ళిపోయింది గానీ, మేము బయల్దేరేటప్పుడు, పల్లం లేకపోయినా ఇంజను పలికేదాకా చుట్టాలందరితో కలిసి జీపును గల్లీలో తోసిన చేతుల్లో గాజుల చేతులు రెండు ఉన్నాయని అవ్వ దారంతా చెబుతూనే ఉంది.

వారం తిరక్కుండా ఉస్తాద్ ఆ ఇంజనును దించేశాడు. అది తర్వాత చాలా ఏళ్ళు కాలువ గట్టు మీద నీళ్ళు తోడింది. జీపు మళ్ళీ తన చిన్న ఇంజనుతో దగ్గుకుంటూ తిరిగింది. ఎండాకాలంలో మా పెళ్ళయింది. ఆ తర్వాత నేను ఎన్నో ఇంజన్లు బిగించాను, అన్నీ రెండు వైపులా తిరిగాయి, ఒక్కటీ ఎవరికీ గుర్తులేదు. ఇప్పుడు బల్బు మార్చాలన్నా రెండుసార్లు ఆలోచిస్తాను. చెవి మీద పెన్సిలుతో, ఒంటినిండా గ్రీజుతో, గుండెలో ఒక్క అనుమానం కూడా లేకుండా తిరిగిన ఆ ఇరవై రెండేళ్ళ కుర్రాడు అప్పుడప్పుడు గుర్తొస్తాడు. వాడికి ఏమీ తెలియదు. అయినా ఇప్పుడు వాడు వచ్చి హారను కొడితే, ఎక్కడికని కూడా అడగకుండా ఎక్కి కూర్చుంటాను.