గ్రీన్‌లో ఉన్న బోరు

రోజూ ప్రొద్దుటూరు నుంచి బస్సెక్కి జమ్మలమడుగు పోయి, తాగునీటి ఆఫీసులో కాంట్రాక్టు మీద కంప్యూటర్ పని చేసేవాణ్ణి. ఏ మండలంలో ఎన్ని ఫిర్యాదులు తీరాయో కంప్యూటర్లో చూపే బోర్డు కావాలన్నారు. కొనడానికి నిధుల్లేవన్నారు. ఎవరైనా ఊరికే తీసుకుని మార్చుకోగల ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ దించుకుని, తెలుగు పేర్లు పెట్టి, నేనే తయారుచేశాను. తీరిన ఫిర్యాదు గ్రీన్, తీరనిది రెడ్. సోమవారం మీటింగులో రెడ్ ఉన్న మండలం వాళ్ళు లేచి నిలబడాలి. మా ఆఫీసు ఆచారం అది.

నలుగురిలో నిలబడటం ఎవరికిష్టం? కొన్ని వారాల్లోనే బోర్డంతా గ్రీన్ అయిపోయింది. నా పనితనమేననుకుని మురిసిపోయాను, వెర్రివాణ్ణి.

అప్పుడొచ్చింది పెద్దముడియం దగ్గరి పల్లె నుంచి, బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆమె. బడి బోరు మోటారు కాలిపోయింది. ఎవరి చేలోంచో బిందెలతో నీళ్ళు మోసి వండుతోంది. ఆమె నడుం పడిపోతే పిల్లలకు ఆ పూట అన్నం లేదు. బోర్డులో చూస్తే ఆ బోరు గ్రీన్! మండలం వాళ్ళకు ఫోన్ చేశాను. మోటారు కావాలని పై ఆఫీసుకు కాగితం పంపాం, మా వరకూ తీరినట్టేనన్నారు, ఏ జంకూ లేకుండా. పైన పటారం, లోన లొటారం. ఒళ్ళు మండిపోయింది. ఆమెకు మాత్రం స్క్రీన్ తిప్పి చూపించగలిగానంతే.

“ఆడ గ్రీన్ అయితే నీళ్ళొచ్చినట్టా అప్పా? మరి మాకేంది రాలే?” అంది.

ఆఫీసరుకు చెప్పాను. విన్నాడో లేదో, సరే అన్నాడు. కోడ్ చేతిలోనే ఉంది కాబట్టి ఏ కంపెనీ కాళ్ళూ పట్టుకోకుండా ఆ వారమే మార్చేశాను. ఫిర్యాదు తీరిందని చెప్పాల్సింది ఆఫీసు కాదు, ఫిర్యాదు చేసిన మనిషి. వారానికోసారి కంప్యూటర్ నుంచే వాళ్ళకు ఫోన్ పోతుంది. నీళ్ళొస్తే ఒకటి నొక్కాలి, రాకపోతే రెండు.

తర్వాతి మీటింగుకు బోర్డు మిరపకాయలు ఆరబోసిన కళ్లంలా ఉంది. మండలాల వాళ్ళంతా నిలబడ్డారు. కూర్చున్నది ఆఫీసరొక్కడే.

ఊరిదంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నన్ను తిట్టాడు. మార్చినవాడివి నువ్వే గనక మళ్ళీ పాతలాగే మార్చమన్నాడు. చచ్చినా మార్చనన్నాను.

“ఊరికే వచ్చిందానికి ఇంత పంతమేందప్పా? నువ్వు గాకుంటే ఇంగొకడు మారుస్తాడు,” అన్నాడు.

పులివెందుల నుంచి తెలిసినవాణ్ణి పిలిపించి అన్నంత పనీ చేశాడు. కోడ్ నాకెంత తెరిచి ఉందో వాడికీ అంతే తెరిచి ఉంది మరి. ఫోన్లు ఆగిపోయాయి, బోర్డు మళ్ళీ గ్రీన్ అయింది. నన్ను రావద్దన్నారు.

మోటారు మాత్రం రాలేదు. వారం తిరిగాక ఆ వంటామె నాకు ఫోన్ చేసింది.

“ఈ వారం మీ ఫోన్ రాలేదేందప్పా? రెండు నొక్కల్లని, బిందె మోసేటప్పుడు గూడా చేతిలోనే పట్టుకోని ఉండా.”