నేను తయారుచేసిన పది తప్పులు

అమెరికాలో, డల్లాస్ పక్కనున్న కాపెల్‌లో మా అమ్మాయి పదో క్లాసులో ఉండగా వాళ్ల ఫిజిక్స్ టీచరు ఒక వింత మొదలుపెట్టింది. లెక్కకి జవాబు రాస్తే చాలదట. మొదట ఏమనుకున్నావు, ఎక్కడ ఆగిపోయావు, తప్పని ఎలా తెలిసింది, ఇవన్నీ ఒక నోట్‌బుక్‌లో రాయాలట. సగం మార్కులు దానికే. నాకు ఒళ్లు మండింది. ఇంటర్ ఫిజిక్స్‌లో నాకు పోయింది ఒక్క మార్కు. అది కూడా దిద్దినవాడి పొరపాటేనని ఇప్పటికీ నా నమ్మకం. ఆగిపోవడం మా ఇంటా వంటా లేదు.

"ఎక్కడా ఆగలేదని రాసెయ్యి," అన్నాను. రాసింది. సున్నా వచ్చింది. మళ్లీ ఇలాగే అయితే బాగా చదివేవాళ్లకిచ్చే ఆనర్స్ క్లాసులోంచి తీసేస్తామని ఈమెయిల్ కూడా వచ్చింది.

సరే, తప్పులే కావాలంటే తప్పులే ఇద్దాం. పరీక్షలకి ఇంపార్టెంట్ క్వశ్చన్లు ఏరుకున్నట్టే, శనివారమంతా కూర్చుని పది ఇంపార్టెంట్ తప్పులు తయారుచేశాను. "లిఫ్టు కిందికి బయల్దేరగానే బరువు పెరుగుతుందనుకున్నాను, బొమ్మ గీసి చూస్తే తగ్గుతుందని తెలిసింది." ఇలాంటివి. ఒక్కో తప్పుకీ ఒక్కో పశ్చాత్తాపం జతచేశాను. మా ఆఫీసులో మనవాళ్లు ముగ్గురి పిల్లలదీ అదే క్లాసు కాబట్టి వాళ్లకీ పంపాను. "సూపర్ అన్నా, మావాడితో బట్టీ పట్టిస్తున్నా," అని ఒకాయన జవాబిచ్చాడు. గర్వంగానే అనిపించింది.

వారం తిరక్కుండా టీచరు నన్నూ అమ్మాయినీ పిలిచింది. నలుగురు పిల్లల నోట్‌బుక్‌లూ బల్ల మీద పరిచింది. నలుగురూ ఒకే మాటల్లో ఆగిపోయారు. పైగా మా అమ్మాయి, వాలుబల్ల మీద జారే పెట్టె లెక్కకి లిఫ్టు తప్పు రాసింది.

"ఈ లెక్కలో లిఫ్టు ఎక్కడుంది?" అని టీచరు నన్నే అడిగింది. నేను లేచి, బోర్డు మీద ఆ పెట్టె లెక్క చకచకా చేసి చూపించాను.

"బాగుంది. ఇక్కడ కొసైన్ ఎందుకు తీసుకున్నారు?"

"ఫార్ములా."

"అదే, ఎందుకు?"

"మా లెక్చరర్ చెప్పారు."

ఆవిడ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. నలభై ఏళ్లొచ్చాక, కన్నకూతురి ముందు, చాక్‌పీసు పట్టుకుని సిగ్గుపడ్డాను.

ఆవిడ అమ్మాయి వైపు తిరిగి, నువ్వు నిజంగా ఎక్కడ ఆగిపోయావో ఇప్పుడు రాయి అంది. అమ్మాయి నన్నొకసారి చూసి, పెన్సిల్ తీసుకుంది. రాసింది మూడే వాక్యాలు. టీచరు చదివి, నోట్‌బుక్ నా వైపు తిప్పింది.

"కొసైన్ దగ్గర నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదంటే ఇంట్లో నాన్న అరుస్తాడు. అందుకే ఎయిత్ గ్రేడ్ నుంచీ అన్నీ అర్థమయ్యాయనే చెప్తున్నాను."

ఆ పేజీకి టీచరు నా ఎదుటే పూర్తి మార్కులు వేసింది.