ఘాటు రాని మిరపకాయలు

దెయ్యం, దిష్టి, చేతబడి అన్న మాటలు ఎవరెత్తినా నేను నవ్వుతాను. ఐర్లండ్‌లో కార్క్ ఊరి దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో నాణ్యత పరీక్షించే ఉద్యోగం నాది. తలనొప్పి బిళ్ళనే ముప్పుతిప్పలు పెట్టందే బయటికి పంపను. ఇక దిష్టిని నమ్ముతానా? ఈ సంగతి ముందే చెప్పడం మంచిది. ఎందుకంటే కింద రాసింది నాకే మింగుడుపడదు.

పోయిన వేసవిలో గ్రీస్ వెళ్ళాం. నేను, నా భార్య శైలజ, ఏడేళ్ళ మా అమ్మాయి సహస్ర. ఐర్లండ్‌లో ఎండ ముభావంగా ఉండే చుట్టంలా వచ్చి టీ అయినా తాగకుండా వెళ్ళిపోతుంది కాబట్టి, ఈసారి దాని సొంతూరికే వెళ్దామనుకున్నాం. మొదట దిగిన రిసార్టు బీచ్‌లో నేను ఒత్తిగిల్లితే పక్కాయన సన్‌క్రీమ్ నాకంటుకుంది. ఇసుక కనబడాలంటే ఎవరో ఒకరు లేవాలి. మర్నాడే కారు అద్దెకు తీసుకుని తీరం వెంట దక్షిణంగా బయల్దేరాం.

ఆ తీరం ఒక మలుపులో ఉన్నట్టు ఇంకో మలుపులో ఉండదు. ఒకచోట కోడిగుడ్లంత తెల్ల గులకరాళ్ళు. ఇంకోచోట ఇటుకపొడి లాంటి ఎర్ర ఇసుక. ఆ పైన కొండ అమాంతం నీళ్ళలోకి దూకేస్తుంది. రోడ్డు ఎంత సన్నమంటే, ఎదురుగా మేక వస్తే నేనే రివర్స్ తీశాను. మేక కనీసం తల కూడా ఊపలేదు. చివరికి మనిషి జాడ లేని చిన్న బీచ్ పక్కన ఇల్లు దొరికింది.

ఇంటావిడ ముసలామె, అన్నీ నల్లబట్టలే. గుట్టకి అవతల ఉంటుంది. తాళాలిస్తూ సహస్ర బుగ్గ పట్టుకుని, తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో ఒకటి తీసి, "అందం, అందం" అంటూ చాలాసేపు చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు.

మర్నాడు మధ్యాహ్నం నుంచి సహస్ర మాటలు మానేసింది. నిద్రలో కూడా కబుర్లు చెప్పే పిల్ల. ఏమీ తినదు, నీళ్ళు పడితే వాంతి. జ్వరం మాత్రం లేదు. ఏమైందమ్మా అంటే, "ఐయామ్ గ్రాండ్, డాడ్" అని గోడవైపు తిరిగింది. గ్రాండ్ అంటే అక్కడ బాగున్నానని; ఐర్లండ్‌లో కాలు విరిగినవాడు కూడా అదే అంటాడు కాబట్టి నాకు భయం రెట్టింపైంది. ఫోన్లో సిగ్నల్ లేదు. డాక్టరున్న ఊరు కొండలకి అవతల. చీకటి పడుతుంటే ఆ మలుపుల్లో వాంతులవుతున్న పిల్లతో కారు నడిపే ధైర్యం నాకు లేదు.

సందెవేళ శైలజ పెట్టెలోంచి ఎండుమిరపకాయలు తీసింది. పాస్‌పోర్టు మర్చిపోతుందేమో గానీ అవి మర్చిపోదు. ఉప్పుతో కలిపి పిల్ల చుట్టూ తిప్పి, థూ థూ అనిపించి, కాలుతున్న పెనంలో వేసింది. మిరపకాయలు నల్లగా మాడాయి. ఘాటు లేదు. ఒక్క తుమ్ము లేదు.

"చూశారా, ఎంత దిష్టో."

"పాత సరుకై ఉంటుంది."

"మీ అమ్మగారు పంపినవే. ఆ మాటేదో ఆవిడతోనే అనండి."

ఉద్యోగబుద్ధి ఊరుకోదు కదా. అదే ప్యాకెట్లోంచి ఇంకొన్ని తీసి, ఎవరి చుట్టూ తిప్పకుండా, అదే పెనంలో వేశాను. గ్రీసు దేశమంతా ఒక్కసారి దగ్గిందనిపించింది. కళ్ళు తుడుచుకుంటూ కిటికీలు బార్లా తెరిచాం. గాలి తేటపడ్డాక మళ్ళీ మూసి, ఈసారి నేనే గుప్పిట్లో కొన్ని పట్టుకుని పిల్ల చుట్టూ తిప్పాను.

"అటు కాదండీ, ఇటు," అంది శైలజ.

ఆమె చెయ్యి తగలనివ్వకుండా పెనం దాకా నడిచాను. అప్పటికి ఆమె మీద కూడా నాకు అనుమానమే. మిరపకాయలు బొగ్గయ్యాయి. పెనం మీదికి వంగి గుండెనిండా పీల్చాను. ఏ వాసనా లేదు.

కాసేపటికి సహస్ర లేచి కూర్చుని అన్నం అడిగింది. పప్పు కలిపి పెడితే మారు వేయించుకుంది.

అప్పుడే తలుపు చప్పుడైంది. ఇంటావిడ. కళ్ళు టమాటాల్లా ఉన్నాయి. ముక్కు, మూతి గుడ్డతో మూసుకుని, దగ్గి దగ్గి గుమ్మం పట్టుకుంది. కిటికీలు తెరిచినప్పటి పొగ అటు పోయిందేమో అంటారా? మధ్యలో గుట్ట ఉంది. గాలి అటునుంచి మా వైపు వీస్తోంది. బయటికెళ్ళి తడి వేలు పైకెత్తి మరీ చూశాను.

ఇల్లెందుకు కాలుస్తున్నారని ఆమె అడగలేదు. "పాప, ఇప్పుడు బాగుందా?" అంది.

పాపకి బాగాలేదని మేం ఎవరికీ చెప్పలేదు.

లోపలికొచ్చి సహస్ర మీదికి వంగి, తుంపర పడకుండా ముమ్మారు ఉమ్మినట్టు చేసింది. నేను గొడవకి సిద్ధమయ్యాను. శైలజ నా మోచెయ్యి పట్టుకుని, "ఊరుకోండి, దిష్టి తీస్తోంది," అంది. సహస్ర పళ్ళెంలోంచి తలెత్తి మర్యాదగా, "థాంక్స్ అ మిలియన్," అంది.

ఫ్యాక్టరీలో తేడా వస్తే కారణం రాయందే ఫైలు మూయనివ్వరు. గాలిని, మిరపకాయల్ని, పెనాన్ని, శైలజని, ఇంటావిడని వరసగా అనుమానించాను. ఇప్పటికీ ఎవరి మీదా రుజువు లేదు. నీకెలా తెలిసిందని ఆ ముసలామెను అక్కడే నిలదీయాల్సింది. దగ్గుకుంటూ ఆమె గుట్టెక్కుతుంటే గుమ్మంలోనే ఉన్నాను. వెనకాల పిల్ల అన్నం తింటోంది. నేను అడిగితే తినడం ఎక్కడ ఆపేస్తుందోనని భయపడ్డాను.