హెల్మెట్ పెట్టుకుని గుట్టెక్కిన మనిషి

ఆ రోజుల్లో నా మీద నాకున్నంత గౌరవం తర్వాత ఇంకెప్పుడూ లేదు. జనగామలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పే పని కొత్తగా దొరికింది. నేను తరగతిలోకి పోగానే పిల్లలు లేచి నిలబడేవాళ్లు. అది నాకు ఎంతగా తలకెక్కిందంటే, బజార్లో ఎవరైనా నిలబడి కనిపించినా నాకోసమే లేచారేమో అనిపించేది. సరిగ్గా ఆ మత్తులో ఉన్నప్పుడే, ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూంలో అన్నం తింటూ, మనం ముగ్గురం ఒక ఆదివారం ఊరు దాటి ఏదైనా గుట్ట ఎక్కి రావాలి అని ప్రకటించాను. అప్పటిదాకా నేను ఎక్కిన ఎత్తయిన స్థలం మా ఇంటి డాబా.

ముగ్గురంటే నేనూ, మానుకోటా, పీటీ అక్కా. మానుకోట అంటే మాకు హిందీ టీచరు. మహబూబాబాద్ పిల్ల, జనగామలో గది తీసుకుని ఉండేది. మహబూబాబాద్‌ను మా వైపు అందరూ మానుకోట అనే అంటారు కాబట్టి ఆమెకు ఆ పేరే నిలిచిపోయింది. పీటీ అక్క రఘునాథపల్లి నుంచి రోజూ స్కూటీ మీద వచ్చి పిల్లల చేత కబడ్డీ ఆడించేది. ఆమె చెయ్యి పట్టుకుంటే తొమ్మిదో తరగతి మొగపిల్లలు కూడా విడిపించుకోలేకపోయేవాళ్లు (ఈ సంగతి మా ఇంట్లో మనిషికి కూడా తెలిసొచ్చింది, చెబుతాను). భూపాలపల్లి దారిలో రేగొండ దగ్గరున్న పాండవుల గుట్టకు పోవాలని తేల్చింది నేనే. పొద్దున బయల్దేరి హనుమకొండలో బస్సు మారి, రేగొండ దగ్గర దిగి ఆటో ఎక్కాలని దారి చెప్పింది కూడా నేనే. ఫోన్‌లో కొండలెక్కేవాళ్ల వీడియోలు చూసి చూసి నాకు గొప్ప అనుభవం వచ్చేసింది. తాడు లేకుండా గుట్టకు పోవద్దని ఒక వీడియోలో చెప్పారని మా డాబా మీది బట్టలారేసే తాడు విప్పి సంచిలో పెట్టుకున్నాను. ఎంత గుంజినా ఊడని ముడి ఎట్లా వేయాలో మంచం కోడుకు వేసి నేర్చుకున్నాను. ముడి విప్పడం ఎట్లాగో ఆ వీడియో రెండో భాగంలో ఉందట. నేను మొదటి భాగమే చూశాను.

ఇక మిగిలింది ఇల్లు. అమ్మ వద్దంటుందని తెలుసు, అన్నది కూడా. మొగతోడు లేకుండా ముగ్గురు ఆడపిల్లలు గుట్టల్లోకి ఎట్లా పోతారని పొయ్యి ముందు కూర్చుని ఒకటే సణుగుడు. నేను నిజంగా భయపడింది బాపు గురించి. బాపుకు బస్టాండు దగ్గర టైలరింగ్ షాపు. నేను డిగ్రీ చదివినన్నాళ్లూ బస్సు రావడం ఆలస్యమైతే, కుట్టే బట్ట మెడలో వేసుకుని వచ్చి రోడ్డు మీద నిలబడే మనిషి. అలాంటి బాపు ఆ రోజు అన్నం కలుపుకుంటూ తల కూడా ఎత్తకుండా అమ్మతో అన్నాడు:

"పోనీయే. పది మందికి సదువు చెప్పే పిల్ల. ఇంకెన్నొద్దులు వెంబడి తిరుగుతం?"

దాంతో అమ్మ సణుగుడు ఆగిపోయింది. మరునాడు స్టాఫ్ రూంలో ఆ మాటను నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. మా బాపు అందరు నాయినలలాంటివాడు కాదని, ఆడపిల్లను ఎట్లా పెంచాలో మా బాపును చూసి నేర్చుకోవాలని, ఒక చిన్న ఉపన్యాసమే ఇచ్చాను. ఆ ఉపన్యాసం విన్న మానుకోట, వాళ్ల అమ్మీకి ఫోన్ చేసి, ఫలానా వాళ్ల నాయినే ఒప్పుకున్నాడు కాబట్టి నన్నూ పంపమని బతిమాలింది. వాళ్ల అమ్మీ రెండు రోజులు ఆలోచించి సరేనంది. ఏ చిన్న తేడా వచ్చినా పిల్ల ఉద్యోగం మానేసి ఇంటికి రావాల్సిందేనని ఒక మాట కూడా కలిపింది. అంటే మానుకోట ఉద్యోగం మొత్తం మా బాపు మంచితనం మీద నిలబడి ఉంది. బాపు కూడా ఎక్కడలేని ఉత్సాహం చూపించాడు. గుట్టెక్కడానికి వీలుగా నాకు జేబులున్న కుర్తా కుట్టాడు. కొలతలు తీసుకుంటూ, ఏ బస్సు ఎక్కుతారు బిడ్డా, ఎక్కడ దిగుతారు, ఆటో ఎక్కడ దొరుకుతది అని ఒక్కొక్కటే అడిగాడు. పాపం, మా బాపుకు కూడా ప్రయాణాలంటే ఇష్టమే, ఎన్నడూ పోలేకపోయాడు అనుకుని, అన్నీ వివరంగా చెప్పాను.

ఆ ఆదివారం పొద్దున చలి. మంచు ఇంకా విడవలేదు. బస్సులో వెనక సీటు దొరికింది. మానుకోట కిటికీలోంచి వెనక్కి చూసి చూసి, ఒక బండి మన బస్సు వెనకే వస్తోందని చెప్పింది. నల్ల హెల్మెట్, నల్ల జాకెట్. బస్సు ఆగితే అదీ ఆగుతోంది. రోడ్డన్నాక బండ్లు రావా అని నేను కొట్టిపారేశాను. హనుమకొండ బస్టాండులో చాయ్ తాగుతుంటే ఎదురుగా, అదే మనిషి, హెల్మెట్ తీయకుండా, దాని కిందనుంచి గ్లాసు లోపలికి పెట్టుకుని చాయ్ తాగడానికి తంటాలు పడుతున్నాడు. అప్పుడు నేనూ చాయ్ సగంలోనే వదిలేసి లేచాను. రేగొండ దగ్గర దిగి ఆటో ఎక్కితే కొంచెం దూరంలో మళ్లీ ఆ బండి. మానుకోటకు ఏడుపు ఒక్కటే తక్కువ. వాళ్ల అమ్మీకి తెలిస్తే తన పని అయిపోయినట్టేనంది. ఈ యాత్రకు నాయకురాలిని నేను కాబట్టి, భయం బయట పడనీయకుండా, మనం గుట్ట మీదికి పోదాం, జనం ఉంటారు, వాడు వెనక్కి పోతాడు అన్నాను.

వాడు వెనక్కి పోలేదు. బండి కింద పెట్టి, హెల్మెట్ నెత్తి మీద అట్లాగే ఉంచుకుని, మా వెనక గుట్ట ఎక్కడం మొదలుపెట్టాడు.

హెల్మెట్ పెట్టుకుని రాళ్ల మధ్య ఎక్కే మనిషిని నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. అద్దం మీద ఊపిరి కమ్మి దారి కనబడదేమో, రెండడుగులు వేసి రాయిని తడుముకుంటున్నాడు. మేం ఆగితే ఆగి, ఆకాశంలోకి చూస్తున్నట్టు నటిస్తున్నాడు. పీటీ అక్కకు భయం అన్నది పుట్టుకలోనే లేదు. ఒక్క మనిషే కదా, పట్టేద్దాం అంది. నేను అప్పటికప్పుడు పథకం వేశాను (ఆ పథకం నాదేనని ఇప్పటికీ ఒప్పుకోబుద్ధి కాదు). దారి మలుపు తిరిగే చోట పెద్ద బండ ఉంటే దాని వెనక నక్కాం. వాడు ఆయాసపడుతూ మలుపు తిరగ్గానే అక్క పెద్దగా విజిల్ ఊది, వెనక నుంచి రెండు చేతులూ ఒడిసి పట్టుకుంది. నేను బట్టలారేసే తాడు తీసి, రెండు మణికట్లూ ముందుకు కలిపి, నేర్చుకున్న ముడి నేర్చుకున్నట్టే వేశాను. ముడి బ్రహ్మాండంగా పడింది.

విజిల్ విని, పై బండల మీద వనభోజనానికి వచ్చినవాళ్లు దిగి వచ్చారు. భూపాలపల్లి వైపు బొగ్గు గనుల్లో పనిచేసేవాళ్ల కుటుంబాలు. పొద్దుటి నుంచీ ఈ మనిషి మా వెంబడి పడుతున్నాడని నేనే గొంతు పెంచి చెప్పాను. ఆడపిల్లల వెనక పడడానికి సిగ్గుండాలని, ఇంట్లో ఆడపిల్లలు లేరా అని కూడా అడిగాను. హెల్మెట్ లోపల ఉన్న మనిషి కట్టేసిన చేతులతోనే హెల్మెట్‌ను కిందికి అదిమి పట్టుకుని, గొంతు మార్చి, "హమ్ టూరిస్ట్ హై" అన్నాడు. మానుకోట అంత భయంలోనూ హిందీ టీచరే. ఒక్కడే అయితే హమ్ కాదు, మై టూరిస్ట్ హూ అనాలని నెమ్మదిగా నా చెవిలో చెప్పింది. ఇంతలో వచ్చినవాళ్లలో ఒక భారీ మనిషి ముందుకొచ్చి హెల్మెట్ పట్టి గుంజాడు. అది చెవుల దగ్గర తట్టుకుని రాలేదు. ఇంకోసారి గుంజాడు.

లోపల బాపు ఉన్నాడు. చెమటతో జుట్టంతా నుదుటికి అతుక్కుపోయి, కళ్లద్దాలు ఒక చెవికి వేలాడుతూ.

నాకు కాళ్ల కింద గుట్ట ఉన్నట్టే అనిపించలేదు. బాపు నన్ను చూసి, వెంటనే చూపు పక్కకు తిప్పుకుని, ఆ భారీ మనిషితో, "ఈ పిల్లలెవరో నాకు తెల్వదు సారూ. నేను గుట్ట చూద్దామని వచ్చిన" అన్నాడు. నా పరువు పోకుండా చూస్తున్నాడన్నమాట. అవతలి మనిషి అప్పటికే బాపు కాలరు పట్టుకున్నాడు. ఇంకాసేపైతే ఏమయ్యేదో.

"మా బాపు" అన్నాను. ఎవరికీ వినబడలేదు. మళ్లీ అనాల్సి వచ్చింది.

కాలరు మీది చెయ్యి జారిపోయింది. వాళ్లలో ఒక పెద్దావిడ నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పీటీ అక్క రెండడుగులు వెనక్కి వేసి, బడిలో హెడ్ మాస్టరు ముందు నిలబడ్డట్టు చేతులు కట్టుకుంది. నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. అందరి ముందే, "నా ఇజ్జత్ తీసినవ్ బాపూ, నా మీద నమ్మకం లేకుంటే లేదని చెప్పకపోయినవా" అన్నాను.

"నీ మీద ఉన్నది బిడ్డా," అన్నాడు బాపు. "నిజంగనే ఉన్నది. షాపు తీద్దామని పొద్దుగాల్నే పోయిన. సూదిల దారం ఎక్కిద్దామంటె ఎక్కుతలేదు. జర దూరంకెల్లి చూసొస్త, నీకు తెల్వనే తెల్వదనుకున్న." కొంచెం ఆగి, చేతులు ముందుకు చాపి, మెల్లగా అన్నాడు. "గీ ముడి జర ఇప్పు. చెయ్యి తిమ్మిరెక్కింది."

ముడి రాలేదు. నేను లాగాను, మానుకోట గోళ్లతో లాగింది, అక్క పళ్లతో లాగింది. అంతమంది ముందు, నేనే కట్టిన తాడును నేనే విప్పలేక బాపు మణికట్లు పట్టుకుని నిలబడ్డ ఆ కొద్దిసేపు, నా జీవితంలో అంత పొడుగైన కొద్దిసేపు ఇంకొకటి లేదు. చివరికి ఆ పెద్దావిడ వంకాయలు కోసే కత్తి తెచ్చి తాడు కోసింది. మణికట్ల మీద ఎర్రగా చారలు. బాపు వాటిని జాకెట్ చేతుల్లోకి లాక్కుని, ముడి మాత్రం మంచిగేసినవ్ అన్నాడు.

అప్పుడే మానుకోట ఫోన్ మోగింది. వాళ్ల అమ్మీ. ఎక్కడున్నారు, ఎవరెవరున్నారు అని అడిగినట్టుంది, మానుకోట ఒకసారి బాపును చూసి, బాపు కూడా మాతోనే ఉన్నాడని చెప్పింది. అబద్ధం కాదు కదా. అవతల అమ్మీ ఎంత సంతోషించిందంటే, ఫోన్ బాపుకు ఇప్పించుకుని, మీలాంటి పెద్దలు తోడుంటే మాకేం ఫికర్ లేదని, ఇక ముందు పిల్లలు ఎటు పోయినా మీరు తోడు పోవాలని మాట తీసుకుంది. బాపు ఆ మాట ఇచ్చేశాడు. నన్ను అడగనే లేదు.

గుట్ట పైకి ఎక్కామా అంటే ఎక్కాం. బాపు కిందే కూర్చుంటానన్నాడు, నేను వెనక్కి తిరగకుండా పోయాను. బండల మీద పాత కాలం బొమ్మలు ఉన్నాయని, పైనుంచి చూస్తే అడవి ఎంతో అందంగా ఉంటుందని అందరూ అంటారు. నేను చూసింది నా చెప్పులనే. దిగి వచ్చేసరికి ఆ కుటుంబాలవాళ్లు బాపును మధ్యలో కూర్చోబెట్టుకుని అన్నం పెడుతున్నారు. బాపు తన జాకెట్‌లోంచి టిఫిన్ డబ్బా తీసి వాళ్లకు పంచుతున్నాడు. పులిహోర. పొద్దున అమ్మ నాకు కట్టిచ్చిన పులిహోరే, అదే పల్లీలు, అదే ఎండుమిర్చి. అంటే ఇంట్లో అమ్మకూ తెలుసు. పొయ్యి ముందు ఆ సణుగుడు ఆగిపోయినప్పుడే నేను అనుమానించాల్సింది.

తిరుగు ప్రయాణంలో బాపు కాళ్లు వణుకుతున్నాయని, పక్కింటి అబ్బాయి దగ్గర అడిగి తెచ్చిన ఆ బండిని పీటీ అక్క నడిపింది. నేనూ మానుకోటా బస్సులో. పరకాల దాటాక ఒక బండి హారన్ కొడుతూ మా బస్సును దాటింది. ముందు హెల్మెట్ పెట్టుకుని అక్క, వెనక ఆమె భుజాలు రెండు చేతులా గట్టిగా పట్టుకుని, కళ్లు మూసుకుని బాపు. మానుకోట నా వైపు చూడకుండా పెదవులు బిగబట్టింది. నేనూ బిగబట్టాను. ఎవరు ముందు నవ్వారో తెలియదు, కండక్టరు వచ్చి ఏమైందమ్మా అని అడిగేదాకా నవ్వుతూనే ఉన్నాం.

బడిలో ఎవరికీ చెప్పొద్దని ముగ్గురం ఒట్లు వేసుకున్నాం. సోమవారం ప్రార్థన అయ్యేలోపు అందరికీ తెలిసింది. చాలా రోజులు స్టాఫ్ రూంలోకి నేను పోతే, మీ బాపు బయట ఉన్నాడా, లోపలికి రమ్మనరాదా అనేవాళ్లు. ఆ మాట అన్న ప్రతిసారీ ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఇంట్లో బాపుతో సరిగ్గా మాట్లాడకుండా కొన్ని రోజులు గడిపాను. ఆయన కూడా అడగలేదు. నేను ఇంటికి వచ్చే వేళకు షాపు లోపలే కూర్చుని, రోడ్డు వైపు చూడనట్టు మిషను తొక్కేవాడు. ఆ తర్వాత మేం నిజంగానే రెండు మూడు గుట్టలు ఎక్కాం, ఒకసారి మహదేవపూర్ దాటి గోదావరి చూసొచ్చాం. మానుకోట అమ్మీకి ఇచ్చిన మాట ప్రకారం ప్రతిసారీ బాపు మాతోనే వచ్చాడు, అందరికంటే ముందు తయారై.

ఇప్పుడు ఎప్పుడైనా షాపుకు పోతే, కొలతలివ్వడానికి వచ్చినవాళ్లకు బాపు ఆ పాండవుల గుట్ట సంగతి చెబుతుంటాడు. ఆయన చెప్పేదాంట్లో జాకెట్ లేదు, తాడు లేదు. టీచర్లు దారి తెలియక బతిమాలితే ఆయన తోడు పోయాడట. మలుపు దగ్గర ఎలుగుబంటి ఎదురైందట, ఆయన కదలకుండా నిలబడితే అదే తిరిగి పోయిందట. ఆ రోజుల్లో అయితే నేను అక్కడే అడ్డుపడేదాన్ని. లెక్క తప్పితే ఊరుకోలేని మనిషిని. ఇప్పుడు బాపు మెడలోని టేపు సవరించుకుంటూ, కావాలంటే మా బిడ్డనడుగు అన్నట్టు నా వైపు చూస్తాడు. వచ్చినవాళ్లు కూడా చూస్తారు.

"ఉండె," అంటాను. "బాపు చెప్పినదానికంటె ఇంకా పెద్దదే."